కాలికి బందం

నేను పడ్డప్పుడు నా సైకిల్ కదలడం లేదు. ఈ ముక్క ముందే చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. స్పీడు లేదు, గుంత లేదు, కుక్క అడ్డం రాలేదు. కథలాపూర్ మెయిన్ రోడ్డు మీద, చాయ్ హోటల్ ముందర, బ్రేకు పట్టి సైకిల్‌ను చక్కగా ఆపాను. ఆగాను. ఆగి, నరికిన చెట్టు ఒరిగినట్టు నిలువునా కుడిపక్కకు, అంటే రోడ్డు వైపుకు పడిపోయాను. రెండు కాళ్లూ పెడల్స్‌కే అతుక్కొని ఉన్నాయి. వెనక నుంచి వడ్ల బస్తాల ట్రాక్టర్ వస్తోంది. ఆ డ్రైవర్ చూసి బ్రేకు తొక్కాడు కాబట్టి ఈ వ్యాసం మీరు చదువుతున్నారు.

చాయ్ తాగుతున్నవాళ్లు నవ్వాలో లేపాలో తెలియక కొంచెం సేపు అట్లాగే చూశారు. తర్వాత ఇద్దరు వచ్చి చంకల కింద చేతులు పెట్టి లేపబోతే సైకిల్ కూడా నాతో పాటే లేచింది. అప్పుడు ఒక తాత నా కాళ్ల వంక వంగి చూసి, "ఏందిరా కొడుకా, దొంగ బర్రెకు బందం ఏసినట్టు కాళ్లకు ఏసుకున్నవు?" అన్నాడు.

క్లిప్‌లెస్ పెడల్ అంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా చెప్పిన మాట నేను ఇంకెక్కడా చదవలేదు. మన క్లబ్బులో ఎప్పుడైనా దీనికి తెలుగు పేరు పెట్టాల్సి వస్తే నా ఓటు ‘బందం పెడల్’కే.

అసలు ఆ షూస్, పెడల్స్ నావి కావు, మా అన్న పంపినవి. అన్న దుబాయిల ఉంటాడు. అక్కడ అల్ ఖుద్రా అనే చోట ఎడారిలో సైకిళ్ల కోసమే వేసిన పెద్ద ట్రాక్ ఉంది. అక్కడికి తొక్కడానికి పోయేవాళ్ల సైకిళ్లు రిపేరు చేసే దుకాణంలో అన్న హెల్పర్. ఎవరో కస్టమర్ కొత్తవి కొనుక్కొని పాతవి వదిలేసి పోతే, వాటిని తుడిచి, ఊరికి సెలవు మీద వస్తున్న మా పక్కింటాయన సంచిలో పెట్టి పంపాడు. కొత్త జత కొనాలంటే వేలల్లో పని. నేనేమో వీడియోలు రెండు చూసి, ఇంటి ముందర బిగించుకొని, నేరుగా రోడ్డెక్కాను.

పడుతూ కుడి చెయ్యి ఆనించాను. మణికట్టు పూరీలా పొంగింది. సెమిస్టర్ పరీక్షలు పదమూడు రోజుల్లో ఉన్నాయి. కోరుట్ల పోయి ఎక్స్‌రే తీయించేదాకా బాపు ఒక్క మాట మాట్లాడలేదు. ఎముక విరగలేదని డాక్టర్ చెప్పాక మాత్రం ఇంటికొచ్చేదాకా ఆగకుండా మాట్లాడాడు. అమ్మ ఆ షూస్ తీసుకుపోయి అటక మీద పడేసింది.

రాత్రి బోటిమ్‌లో అన్న ఫోన్ చేశాడు. తిట్టలేదు. ఒకటే ప్రశ్న అడిగాడు: "ఏ కాలు ముందుగాల తీసినవ్?"

"ఏదీ తియ్యలే. ఆగినంక తీద్దామనుకున్న."

"గదే తప్పు. ఆగినంక తీసుడు కాదురా, తీసినంక ఆగుడు."

మిగతా సంగతులన్నీ ఆ మాట చుట్టే తిరుగుతాయి. కాకపోతే అది చెవికి ఎక్కినంత తొందరగా కాలికి ఎక్కదు.

ముందు పేరు సంగతి తేల్చేద్దాం. క్లిప్‌లెస్ అంటే క్లిప్పు లేనిది అని కదా అర్థం. మరి ఇందులో కాలు టక్కుమని ఇరుక్కుంటుంది. ఇదేం పేరు? దీనికి ముందు రేసు సైకిళ్ల పెడల్ మీద బూటు ముందు భాగం దూర్చుకోవడానికి ఇనుప చట్రం ఒకటి, దాన్ని బిగించే తోలు పట్టీ ఒకటి ఉండేవి. ఆ చట్రం పేరు టో క్లిప్. అది తీసేసిన పెడల్ కాబట్టి క్లిప్‌లెస్. పాత వస్తువు పోయినా దాని పేరు కొత్తదాని మెడకు చుట్టుకుంది. తీగ పోయాక వైర్‌లెస్ అన్నట్టే ఇది కూడా.

ఆ తోలు పట్టీతో చిక్కేమిటంటే, బిగించి కట్టుకుంటే ఆగే ముందు వంగి చేత్తో వదులు చేసుకోవాలి. 1971లో ఇటలీకి చెందిన చినెల్లి కంపెనీ ఎం-71 అని ఒక పెడల్ తెచ్చింది. పట్టీ లేదు, బూటు నేరుగా పెడల్‌కే బిగుసుకుంటుంది. బాగుంది. కానీ విడిపించుకోవాలంటే మళ్లీ వంగి చేత్తోనే మీట జరపాలి! సైకిల్ తొక్కేవాళ్లు దానికి ‘చావు క్లీట్లు’ అని పేరు పెట్టారు. దారి చూపింది మంచు. ఫ్రాన్స్‌లో లుక్ అనే కంపెనీ మంచు మీద జారే స్కీలకు బూటును పట్టి ఉంచే బైండింగులు చేసేది. స్కీ చేస్తూ పడినప్పుడు కాలు మెలిపడితే బూటు ఊడి రావాలి, లేకపోతే ఎముక పోతుంది. అదే ఆలోచనను 1984లో సైకిల్ పెడల్‌కు పెట్టారు: మడమ పక్కకు తిప్పితే చాలు, బూటు ఊడొస్తుంది. చేత్తో పని లేదు. 1985లో బెర్నార్ ఇనో ఆ పెడల్స్‌తోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. తోలు పట్టీల కాలం దాదాపు అక్కడితో అయిపోయింది. 1990లో జపాన్ కంపెనీ షిమానో, కొండల్లో బురదల్లో తొక్కేవాళ్ల కోసం ఎస్‌పీడీ అనే చిన్న రకం తెచ్చింది. అన్న పంపినవి ఈ రకానివే.

రెండింటికీ తేడా నడిచినప్పుడు తెలుస్తుంది. రోడ్డు రేసుల రకంలో బూటు అడుగున పెద్ద ప్లాస్టిక్ ముక్క, మూడు బోల్టులతో, బయటికి పొడుచుకొని ఉంటుంది. వేసుకొని నడిస్తే బాతు నడకే. ఎస్‌పీడీలో రెండు బోల్టుల చిన్న స్టీలు ముక్క అడుగు లోపలికి దాగి ఉంటుంది. దిగి కిరాణా కొట్టుకు పోవచ్చు, బర్రెల్ని అదిలించవచ్చు. మన దగ్గర తొక్కేవాళ్లకు రెండోదే నయమని నా అభిప్రాయం. ఆ ముక్కనే క్లీట్ అంటారు.

ఇక లోపలి పని. పెడల్‌కు ముందు వైపు కదలని కొక్కెం ఒకటి ఉంటుంది. వెనక వైపు స్ప్రింగు మీద వెనక్కి జరిగే పెదవి లాంటి రేకు ఉంటుంది. క్లీట్ ముక్కును కొక్కెం కిందికి దూర్చి కిందికి తొక్కితే, వెనక పెదవి కొంచెం జరిగి, క్లీట్ దిగగానే మళ్లీ వచ్చి మూసుకుంటుంది. నెడితే తనంతట తానే పడే తలుపు తాళం ఉంటుందే, అట్లా. టక్ అని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు మస్తు బాగుంటది, అదే మనిషిని మోసం చేసేది.

ఎందుకంటే పైకి లాగితే రాదు. పెదవి జరిగేది వెనక్కి, మనం లాగేది పైకి. ఎంత లాగినా స్ప్రింగుకు ఆ బలం చేరదు. అదే మడమను బయటికి తిప్పితే క్లీట్ మూలలు పెదవిని వెనక్కి తోస్తాయి. మెకానికల్ వాళ్లకు ఒక్క మాట చాలు: క్లీట్ ఇక్కడ క్యామ్. క్లీట్ ఉండేది బొటనవేలి మొదలు దగ్గర, మడమ అక్కడికి దాదాపు జానెడు దూరం. ఆ జానెడే లివర్ ఆర్మ్. అందుకే పైకి ఎద్దులా లాగినా రానిది, మడమను కొంచెం తిప్పితే వచ్చేస్తుంది. తిప్పగానే వెంటనే ఊడదు కూడా. కొన్ని డిగ్రీల దాకా పాదం స్వేచ్ఛగా కదులుతుంది, దాన్ని ఫ్లోట్ అంటారు. అది మోకాలి కోసం. పాదాన్ని ఒకే కోణంలో కట్టేసి వేలసార్లు తొక్కిస్తే మోకాలు ఊరుకోదు.

సరే, ఇంత తేలికైతే నేనెందుకు పడ్డాను?

సైకిల్ నేర్చుకున్న రోజులు గుర్తు చేసుకోండి. బాపు సైకిల్ సీటు నా మెడ దాకా వచ్చేది. పై కడ్డీ కింది నుంచి కాలు దూర్చి కైంచి తొక్కుడు. ఒళ్లంతా ఒక పక్క, సైకిల్ ఒక పక్క. ఎన్నిసార్లు పడినా ఒక్కటి మాత్రం ఖాయం, పడేముందు కాలు నేల మీద ఆనేది. ఆనాటి నుంచి ఒళ్లు నేర్చుకున్న పాఠం: ఆగితే కాలు దించు. పన్నెండేళ్లుగా ఆలోచించకుండా చేస్తున్న పని. బందం పెడల్ ఆ రెండింటి మధ్యలో ఇంకో పని పెట్టింది. బుర్రకు తెలుసు, కాలికి తెలియదు. బ్రేకు పడగానే కాలు అలవాటుగా పైకి లేవబోయింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది తిప్పాలని. అప్పటికే కథ ముగిసింది.

ఎంత టైం ఉంటుందో లెక్క వేసి చూశాను. కదిలే సైకిల్ పడకుండా ఉండేది హ్యాండిల్‌ను అటూ ఇటూ సవరిస్తూ ఉంటాం కాబట్టి. ఆగితే ఆ సవరింపు పోతుంది, మిగిలేది తలకిందుల లోలకం, మన కంట్రోల్ సిస్టమ్స్ పుస్తకంలో ఉండే ఇన్వర్టెడ్ పెండ్యులమ్. బరువు మధ్యబిందువు నేలకు 1 మీటరు ఎత్తులో ఉందనుకుంటే, ఎత్తును గురుత్వ త్వరణంతో భాగించి వర్గమూలం తీస్తే సుమారు 0.32 సెకన్లు వస్తుంది. 2 డిగ్రీల ఒరుగుతో మొదలై, ఇంక ఆపలేని 30 డిగ్రీలకు చేరడానికి దానికి మూడున్నర రెట్లు కూడా పట్టదు. అంటే 1 సెకను, కొంచెం అటూ ఇటూ. ఆ సెకనులో సగం ‘కాలు ఎందుకు రావట్లేదు’ అన్న ఆశ్చర్యానికే పోతుంది. కాబట్టి ఆగాక విడిపించుకుందాం అనేది పట్టుదల ఉంటే అయ్యే పని కాదు. సైకిల్ ఇంకా కదులుతుండగానే, హ్యాండిల్ ఇంకా మన మాట వింటుండగానే కాలు బయటికి రావాలి.

పరీక్షలు రాసేశాను. రాత వంకర పోయింది గాని రాశాను. తర్వాత అమ్మను బతిమాలి అటక దించుకున్నాను. అమ్మ షరతు ఒకటే: రోడ్డు మీదికి పోవద్దు, నేను పొమ్మనేదాకా. ఇప్పుడు అనిపిస్తుంది, ఏ కోచ్ అయినా పెట్టే మొదటి షరతు అదే.

అన్న ఫోన్‌లో చెప్తుంటే మొదట స్క్రూ వదులు చేశాను. పెడల్ వెనక చిన్న స్క్రూ ఉంటుంది, 3 ఎంఎం ఆలెన్ కీ పడుతుంది. ఎడమకు తిప్పితే స్ప్రింగు వదులవుతుంది. పక్కన చిన్న గుర్తు కనిపిస్తుంది, అది చివరికి వచ్చాక ఇంకా తిప్పవద్దు. రెండు పెడల్స్‌కూ, పెడల్ రెండు వైపులా ఒకే లెక్కన ఉండాలి. నాకు వచ్చినవి ఎవరో బాగా తొక్కే మనిషివి కదా, బిగించి ఉన్నాయి. నేను అదేమీ చూడకుండా ఎక్కాను. మీరు సెకండ్‌హ్యాండ్‌వి తీసుకుంటే మొదటి పని ఇదే. క్లీట్లలో కూడా రకాలున్నాయి: షిమానోలో ఎస్‌హెచ్-51 పక్కకు తిప్పితేనే వదులుతుంది, ఎస్‌హెచ్-56 ఇంకొన్ని దిక్కుల్లో కూడా వదులుతుంది. కొత్తవాళ్లకు రెండోది మేలు.

పెడల్ బిగించేటప్పుడు ఇంకో చిక్కు. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. మామూలుగా తిప్పితే బిగుసుకోదు, బలం పెడితే మర అరిగిపోతుంది. గుర్తుండటానికి అన్న చెప్పిన ఉపాయం: స్పానర్‌ను పైకి నిలబెట్టి పట్టుకో, ఏ పక్క పెడల్ అయినా సైకిల్ ముందు చక్రం వైపుకు తిప్పితే బిగుస్తుంది, వెనక్కి తిప్పితే ఊడుతుంది.

తర్వాత గోడ. మా కొట్టం గోడ పక్కన సైకిల్ పెట్టి, ఒక చెయ్యి గోడకు ఆనించి, కదలకుండా కూర్చొని ఎడమ కాలు టక్, తీయి. టక్, తీయి. యాభై సార్లు. తర్వాత కుడి. బర్రె ఒకటి మొదటిరోజు అంతా నన్నే చూసింది, రెండోరోజు చూడటం మానేసింది. ఇది విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని ఎగ్గొట్టినవాళ్లే పడతారు. నేను ఎగ్గొట్టాను.

ఎడమ కాలు ఎందుకంటే, మనం రోడ్డుకు ఎడమ పక్కన తొక్కుతాం. ఆగితే ఎడమకు ఒరగాలి, మట్టి వైపుకు. కుడికి ఒరిగితే ట్రాక్టర్ ఉంటుంది. కొన్ని వీడియోల్లో కుడి కాలు తీయమంటారు, అవి కుడి పక్కన బండ్లు నడిపే దేశాలవి. నేను చూసినవి అవే అనుకుంటా.

గోడ అయ్యాక హైస్కూల్ గ్రౌండు. గడ్డి మీద పడితే నొప్పి తక్కువ, చూసేవాళ్లు తక్కువ. అక్కడ రెండోసారి పడ్డాను, అదీ ఎడమ కాలు తీసి పెట్టుకొని మరీ కుడికి పడ్డాను. ఇది చాలామందికి అవుతుందట. ఎడమ మడమ బయటికి తిప్పేటప్పుడు ఒంటి బరువు తెలియకుండా కుడికి పోతుంది. విడిపించుకున్న కాలు ఒక పక్క, పడేది ఇంకో పక్క! దీనికి మందు: ఎడమ కాలు తీశాక కుడి పెడల్‌ను కిందికి తెచ్చి దాని మీద నిలబడాలి, సీటు మీంచి ముందుకు దిగాలి, చివరి అడుగులో హ్యాండిల్‌ను కొంచెం కుడికి తిప్పాలి. చక్రం కుడికి పోతే ఒళ్లు ఎడమకు ఒరుగుతుంది. కాలు తనంతట తనే నేల మీద పడుతుంది.

మూడోది ఇంటి వెనక బాట. అక్కడ వరసగా కరెంటు స్తంభాలున్నాయి. ప్రతి స్తంభం దగ్గర ఎడమ కాలు తీయాలి, దాటాక పెట్టాలి. ఆగాల్సిన పని లేదు. వారం రోజుల్లో స్తంభం కనిపిస్తే కాలు దానంతట అదే తిరగడం మొదలైంది. ఒకరోజు కాలేజీ బస్సులో కూర్చొని స్తంభం చూసి మడమ తిప్పాను, అప్పుడు అర్థమైంది పని అయిందని.

కాలు పెట్టడం గురించి ఎక్కువ చెప్పను, అది వచ్చేస్తుంది. కిందికి మాత్రం చూడొద్దు. కుడి కాలు బిగించి, ఆ పెడల్‌ను ముందుకు కొంచెం పైన ఉంచి ఒక్క తొక్కు తొక్కి సీటెక్కాలి. ఎడమది దొరకకపోతే పాదం మధ్య భాగంతో తొక్కుతూ పోవచ్చు, తొందరేం లేదు. పెడల్ వెతుక్కుంటూ తలొంచి గొర్రెల మందలోకి పోయినవాణ్ణి నేను.

ఆఖరు దెబ్బ కలికోట వైపు చెరువు కట్ట ఎక్కేటప్పుడు తగిలింది. పెద్ద గేరులో ఎక్కబోయాను, సగంలో కాళ్లు నిలిచిపోయాయి. ఎత్తులో ఆగడం మామూలు ఆగడం కాదు. సైకిల్ దొర్లదు, ఒక్కసారే నిలబడుతుంది. పైగా బలమంతా పెట్టి తొక్కుతున్న కాలిని తిప్పడం కష్టం. ఎత్తు మొదలయ్యే ముందే తేలిక గేరు వేసుకోవాలి, ఎక్కలేననిపిస్తే ఇంకా రెండు తొక్కుల బలం ఉండగానే కాలు తీసేయాలి. ఈసారి పడ్డప్పుడు చెయ్యి ఆనించలేదు. హ్యాండిల్ వదలకుండా పట్టుకొని, భుజం, తొడ మీద పడ్డాను. తోలు లేచింది, మణికట్టు బతికింది.

ఇవి కాక మన ఊళ్ల లెక్కలు కొన్ని ఉంటాయి. వానాకాలం వడ్లు, యాసంగి వడ్లు రోడ్డు మీద ఎండపోసినప్పుడు సగం రోడ్డే మిగులుతుంది. ఎదురుగా బస్సు వస్తే ఆగక తప్పదు. కాబట్టి వడ్ల కుప్ప దూరం నుంచి కనిపించగానే ఎడమ కాలు బయట. ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకర్ దగ్గర బయట. పశువులు ఇంటికి మళ్లే వేళ పూర్తిగా బయటే. రేగడి మట్టిలో దిగి నడిస్తే క్లీట్ నిండా మట్టి పట్టి పెడల్ ఎక్కదు, ఒక్కోసారి ఎక్కి దిగదు, అది ఇంకా ప్రమాదం. పుల్లతో గీకి, రెండు మూడుసార్లు పెట్టి తీసి చూసుకొని కదలాలి.

ఇంత కష్టపడితే ఏమొస్తుంది? అమ్మ అడిగింది ఇదే. నిజం చెప్పాలి కదా. పెడల్‌ను కిందికి తొక్కడమే కాదు, పైకి కూడా లాగొచ్చు, బలం రెట్టింపు అని చాలామంది చెప్తారు. 2007లో థామస్ కోర్ఫ్ బృందం సైక్లిస్టులను రకరకాలుగా తొక్కించి కొలిచింది. పైకి లాగుతూ తొక్కినప్పుడు క్రాంక్ మీద బలం మెరుగ్గా పడింది గాని, అదే పనికి ఒంటి శక్తి ఎక్కువే ఖర్చయింది. అంటే గంటల తరబడి పోయేవాడికి పైకి లాగడం లాభం కాదు. అసలు లాభం వేరే ఉంది. కంకర తేలిన రోడ్డు మీద కాలు జారదు. వానలో తడిసిన పెడల్ మీద జారదు. వేగంగా తిప్పుతున్నప్పుడు పాదం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది, దాని గురించి ఆలోచించే పని ఉండదు. ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్‌లో తొక్కే ట్రాక్ సైకిళ్లకు ఫ్రీవీల్ ఉండదు, చక్రం తిరిగినంత సేపు పెడల్ తిరుగుతూనే ఉంటుంది. అక్కడ కాలు ఊడితే పెడల్ వచ్చి పిక్క మీద కొడుతుంది. అక్కడ బందం ఉండాల్సిందే. బ్రెవే అనే దూర ప్రయాణాల్లో 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి, ఫలానా పెడలే ఉండాలన్న రూల్ మాత్రం లేదు. మామూలు పెడల్‌తో, చెప్పులతో కూడా పోవచ్చు.

కాబట్టి హాస్టల్ నుంచి క్లాసుకు పోయేవాడికి ఇవి అక్కర్లేదు. దూరం పోవాలనే పిచ్చి ఉన్నవాళ్లు నేర్చుకోండి, కానీ బండ్లు లేని చోట. హైదరాబాద్ వాళ్లకైతే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది. మనకు హైస్కూల్ గ్రౌండు ఉంది.

జనవరిలో అమ్మ పొమ్మంది. రుద్రంగి దాకా పోయి వచ్చాను. తిరిగొచ్చేటప్పుడు అదే చాయ్ హోటల్ ముందర ఆగాను. ఎడమ మడమ ముందే తిరిగింది, కాలు నేల మీద ఆనింది. ఎవరూ తల తిప్పి చూడలేదు. కొంచెం బాధేసింది.

ఆ రాత్రి అన్నకు చెప్తే చాలాసేపు నవ్వాడు. తర్వాత అడిగాను, నువ్వు మొదటిసారి ఎక్కడ పడ్డవన్నా అని. కొంచెం ఆగి, "నేనెక్కడ తొక్కిన్రా, బిగించి ఇచ్చుడే గని" అన్నాడు. నాలుగేళ్లుగా రోజుకు ఎన్నో జతలు బిగిస్తున్నాడు, స్క్రూ ఎంత తిప్పితే కాలు ఎంత తేలిగ్గా వస్తుందో వేళ్లకు తెలుసు. ఒక్క కిలోమీటరు తొక్కలేదు.

వచ్చే నెల రెండు నెలల సెలవు మీద వస్తున్నాడు. మా ఇద్దరి షూ సైజు ఒకటే. స్క్రూలు నాలుగూ చివరి దాకా వదులు చేసి పెట్టాను.